అరవై ఏళ్ల చేయి, అరవై సెంటీమీటర్ల తీగ

పెట్టె మూత తీసి లూట్‌ని ఎత్తినప్పుడు నా చేతులు అనుకున్నదానికంటే పైకి లేచిపోయాయి. బరువుంటుందనుకుని బలం పెట్టాను, అక్కడ బరువు లేదు. మా అమ్మ వాయించిన బొబ్బిలి వీణ పనస దుంగను తొలిచి చేసిన ఏకాండి వీణ. దాన్ని గోడవార నుంచి చాప మీదికి తేవాలంటే చిన్నప్పుడు నేనూ మా అక్కా చెరో చివరా పట్టుకునేవాళ్లం. ఈ లూట్ కిలో కూడా లేదు. దీని వీపు నిలువునా కోసిన గుమ్మడికాయలా ఉంటుంది. సన్నటి చెక్క బద్దలను వేడి మీద వంచి, అంచుకు అంచు అంటించి ఆ వీపు కడతారు. తీగల కింద ఉండే పైపలక స్ప్రూస్ చెక్క, మందం రెండు మిల్లీమీటర్లకు లోపే. వేలి కొసతో తడితే ఎండిన అప్పడం మీద తట్టినట్టు పలికింది.

అప్పటికి నాకు 63 ఏళ్లు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరై, లండన్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వేసవికి వెళ్లాను. ఒక సాయంత్రం వాళ్ల వీధి చివరి చర్చిలో కచేరీ ఉందంటే వెళ్లాం. జాన్ డౌలండ్ అనే ఇంగ్లిష్ విద్వాంసుడు 1600 ప్రాంతంలో కట్టిన సంగీతం. వాయించేది ఒక్కరే, మైకు లేదు. మొదటి నిమిషం నాకు సరిగ్గా వినపడనే లేదు. దగ్గులూ కుర్చీల చప్పుళ్లూ ఆగాక ఒక్కో తీగ విడివిడిగా చెవిన పడింది. కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు గిటారు వాయించినవాణ్ణి. ఇది నేర్చుకోవాలని ఆ రాత్రే అనుకున్నాను. ఏది కొనాలో తేల్చుకోవడానికి మాత్రం రెండు వేసవులు పట్టింది.

ఎందుకంటే లూట్ అనేది ఒక వాద్యం పేరు కాదు, ఒక కుటుంబం పేరు. ఆరు జంటల తీగలవి, ఏడు జంటలవి, ఎనిమిది, పది, పదకొండు, పదమూడు జంటలవి ఉన్నాయి. మనిషి ఎత్తుకు దగ్గరగా వచ్చే థియోర్బో ఉంది. పక్కింటి చుట్టాలుగా స్పెయిన్ విహ్వేలా, ఐదు జంటల బరోక్ గిటారు, నాలుగు జంటల చిన్న గిటారు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాడు వీటిలో చెవికి నచ్చినదాన్ని ఎంచుకుంటాడు. నేనూ అలాగే ఎంచుకుని దెబ్బతిన్నాను. అరవై దాటినవాళ్లు ముందు చూసుకోవాల్సింది వాద్యం పేరు కాదు, తీగ పొడవు అని ఇప్పుడు నా గట్టి నమ్మకం. బ్రిడ్జి నుంచి మెడ చివర ఉండే ఎముక ముక్క దాకా తీగ ఎన్ని సెంటీమీటర్లుందో, ఆ ఒక్క కొలతలోనే శ్రుతి, బిగుతు, వేళ్ల సాగుడు అన్నీ ఇమిడి ఉన్నాయి.

ముందు కొంచెం పుట్టుపూర్వోత్తరాలు. అరబ్బులు తమ వాద్యాన్ని 'అల్ ఊద్' అన్నారు, అంటే చెక్క. మూర్‌ల పాలనలోని స్పెయిన్ మీదుగా, సిసిలీ మీదుగా అది యూరప్‌కు వెళ్లి లూట్ అయింది. మొదట్లో దాన్ని ఈక కాడతో మీటేవాళ్లు. 15వ శతాబ్దం చివరికి కాడను వదిలేసి వేళ్లతో మీటడం మొదలైంది. అప్పుడు ఒకే మనిషి ఒకే వాద్యం మీద రెండు మూడు గొంతుకలను ఒకేసారి నడిపించగలిగాడు. 1507లో వెనిస్ నగరంలో పెత్రూచ్చి అనే ముద్రాపకుడు స్పినాచినో లూట్ రచనలను అచ్చువేశాడు. స్వరాలకు బదులు ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో గీతల మీద చూపించే రాత అది. దాన్నే టాబ్లేచర్ అంటారు. జర్మనీలో ఆ విద్యను శిఖరానికి తీసుకెళ్లిన వైస్ 1750లో పోయాడు. ఆ తర్వాత కొద్ది కాలానికే గురువు నుంచి శిష్యుడికి అందే దారం తెగిపోయింది. మళ్లీ ఆర్నాల్డ్ డోల్మెచ్ 1893లో పాత వాద్యాలను చూసి ఒక లూట్ తయారుచేసేదాకా అది మ్యూజియం వస్తువే. వీణకు ఇలాంటి తెగుడు ఎన్నడూ రాలేదు. లూట్‌ను తిరిగి లేపినవాళ్లలో చాలామంది ఎదిగిన వయసులో, పాత పుస్తకాలు ముందేసుకుని, తమ వేళ్లకు తామే నేర్పుకున్నవాళ్లు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఇప్పుడు తీగ సంగతి. మెట్టు మీద వేలు పెట్టని తీగ ఏ శ్రుతిలో మోగుతుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది. పొడవు, బిగుతు, బరువు. పొడవు సగం చేస్తే శ్రుతి ఒక స్థాయి పైకి పోతుంది. బిగుతుతో అదే పని చేయించాలంటే రెట్టింపు చాలదు, నాలుగు రెట్లు కావాలి. ఈ నాలుగు రెట్ల సంగతిని తీగలకు బరువులు వేలాడదీసి నిరూపించినవాడు విన్సెంజో గెలీలీ. లూట్ విద్వాంసుడు, గెలీలియోకు తండ్రి. రెట్టింపు బరువు వేలాడదీస్తే పై షడ్జం వస్తుందని పైథాగరస్ పేరు మీద రెండు వేల ఏళ్లు చెప్పుకొచ్చారు. 1580లలో విన్సెంజో కట్టి చూశాడు, రాలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని తీగకు కట్టి చూడడం ఆ ఇంట్లో తండ్రి నుంచే మొదలైందన్నమాట. తర్వాత 1636లో మెర్సెన్ ఈ మూడింటి లెక్కనూ సూత్రంగా రాసిపెట్టాడు. నేను 30 ఏళ్లపాటు సోనోమీటరు మీద పిల్లలచేత చేయించిన ప్రయోగం అదే. దాని పుట్టుక ఒక లూట్ వాద్యకారుడి ఇంట్లో అని లండన్ వెళ్లేదాకా నాకు తెలియదు.

ఆ రోజుల్లో తీగలు గొర్రె పేగులతో పేనినవి. పై తీగను తెగిపోని హద్దు దాకా బిగించి, మిగతావాటిని దాన్నిబట్టి సర్దుకోమని పాత లూట్ పుస్తకాలు చెబుతాయి. వినడానికి మొరటు సలహాలా ఉంటుంది. లెక్క వేస్తే అందులో ఎంత తెలివి ఉందో తెలుస్తుంది. పేగు తీగ తెగుతోందని రెట్టింపు మందం తీగ వేశామనుకోండి. అది మోయగల బరువు పెరుగుతుంది. కానీ తీగే బరువెక్కింది కాబట్టి అదే శ్రుతికి తేవడానికి కావలసిన బిగుతూ సరిగ్గా అంతే పెరుగుతుంది. లాభం సున్నా. ఒక పొడవులో ఒక పదార్థం ఎంత పై శ్రుతికి తట్టుకుంటుందన్నదానికి మందంతో సంబంధమే లేదు. 60 సెంటీమీటర్ల పేగు తీగ 390 హెర్ట్జ్ దగ్గర, అంటే పాశ్చాత్యుల జి స్వరం దగ్గర, తెగే అంచుకు కొంచెం ఇవతల నిలుస్తుంది. మామూలు లూట్ అరవై సెంటీమీటర్లు ఉండటానికి, జి శ్రుతిలో ఉండటానికి కారణం ఇదే.

థియోర్బో శ్రుతిలోని చిక్కుముడి కూడా ఇక్కడే విడిపోతుంది. 16వ శతాబ్దం చివర ఇటలీలో గాయకుల వెనక మందరస్థాయి బలంగా మోగే వాద్యం కావలసి వచ్చింది. తీగల పొడవును 80, 90 సెంటీమీటర్ల దాకా పెంచారు. అంత పొడవులో పై రెండు జంటలూ పాత శ్రుతికి రాకముందే తెగిపోతాయి. అందుకని ఆ రెంటినీ ఒక స్థాయి కిందికి దించేశారు. అలా మూడో తీగ అన్నిటికంటే పై శ్రుతిలో పలుకుతుంది. ఎవరో కావాలని చేసిన చమత్కారంలా కనబడే ఆ ఏర్పాటు గొర్రె పేగు బలం పెట్టిన షరతు.

ఇక చెయ్యి. విన్సెంజో గెలీలీయే మెట్లు కట్టడానికి ఒక తేలిక సూత్రం చెప్పాడు. తీగ పొడవును 18తో భాగించు, అక్కడ మొదటి మెట్టు కట్టు. మిగిలిన పొడవును మళ్లీ 18తో భాగించు, అక్కడ రెండోది. 60 సెంటీమీటర్ల తీగకు మొదటి మెట్టు 3.33 సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి రావాలి. రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. అంటే స్వరం ఒక వెంట్రుకవాసి తక్కువ పలకాలి. అయితే వేలితో నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి స్వరం పైకి జరుగుతుంది. ఆ తక్కువ, ఈ ఎక్కువ చాలావరకు చెల్లుకు చెల్లు అయిపోతాయి.

ఈ లెక్కను చేతికి అన్వయిస్తే మొదటి మెట్టు నుంచి నాలుగో మెట్టుకు దూరం తీగ పొడవులో 15 శాతం. చూపుడువేలు మొదటి మెట్టు మీద, చిటికెనవేలు నాలుగోదాని మీద పడటం లూట్ సంగీతంలో అడుగడుగునా వస్తుంది. 54 సెంటీమీటర్ల తీగకు అది 8.1 సెంటీమీటర్లు. 60కి 9. ఇప్పటి గిటారు 65కి 9.8. థియోర్బో 85కి 12.8. ఇరవై ఏళ్ల చేయి మూడు సెంటీమీటర్లు ఎక్కువ సాగమంటే సాగుతుంది. అరవై దాటాక కీళ్ల చుట్టూ ఉండే మెత్తటి కణజాలం గట్టిపడుతుంది, బొటనవేలి మొదట్లో ఉండే కీలు అరుగుతుంది. మెడ వెనక నుంచి నొక్కిపెట్టే పని అంతా ఆ కీలుదే. ఆడవాళ్లలో ఈ అరుగుదల మరీ ఎక్కువ.

కాబట్టి కొనబోయే ముందు ఒక పని చేయండి. ఎడమ అరచేతిని బల్లకు ఆనించకుండా, వేళ్లు గుండ్రంగా వంచి, నాలుగు వేళ్ల కొసలూ బల్ల మీద పెట్టండి. బలవంతం లేకుండా వేళ్లను విడదీయండి. చూపుడువేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు ఎంతుందో స్కేలుతో కొలవండి. పది నిమిషాల తర్వాత మళ్లీ కొలవండి, తక్కువ వచ్చినదాన్ని తీసుకోండి. దాన్ని 0.15తో భాగిస్తే మీ చేయి మోయగల తీగ పొడవు వస్తుంది. నాకు 9.5 వచ్చింది. భాగిస్తే 63. అది పూర్తిగా సాగినప్పటి హద్దు కాబట్టి రోజూ గంట వాయించడానికి అందులోంచి మూడు తీసేస్తే 60.

ఈ కొలత నేను రెండో వేసవిలో వేసుకున్నాను. మొదటి వేసవిలోనే వేసుకుని ఉంటే బావుండేది. ఇంగ్లండ్‌లో 1956లో పెట్టిన లూట్ సొసైటీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు వాద్యాలను అద్దెకిస్తుంది. నేను మొదట ఎత్తిన ఆ తేలికైన లూట్ అలా అద్దెకు తెచ్చుకున్నదే. ఆరు జంటలది, 60 సెంటీమీటర్లది. దాని మీద రెండు నెలలు హాయిగా సాగింది. ఈలోగా పది జంటల లూట్ ఒకటి వాడినది అమ్మకానికి ఉందని తెలిసి, మందరస్థాయి మీద మోజుతో, ఫొటోలు చూసి కొనేశాను. తీగ పొడవు 67. మొదటి నుంచి నాలుగో మెట్టుకు పది సెంటీమీటర్లు. వారం తిరక్కుండా బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది.

నొప్పికి పొడవు ఒక్కటే కారణం కాదని తర్వాత తేలింది. పది జంటల లూట్‌కు 19 తీగలు. పై తీగ ఒంటరిది, మిగతావి జంటలు. ఒక్కో తీగ మూడు, మూడున్నర కిలోల బలంతో లాగుతుంది. గిటారు తీగ బిగుతులో ఇది సగమే కాబట్టి వేలికి మెత్తగా ఉంటుంది. కానీ 19 తీగలూ కలిస్తే అరవై కిలోల లాగుడు. కిలో బరువు కూడా లేని చెక్క గుల్ల ఏళ్ల తరబడి ఆ లాగుడును భరించి భరించి, మెడ కలిసే చోట లోపలికి మడుచుకుంటూ వస్తుంది. అప్పుడు తీగలు మెట్ల మీద నుంచి పైకి లేస్తాయి. వేలు ఎంత బలంతో నొక్కాలన్నది తీగ మెట్టు మీద ఎంత ఎత్తులో ఉందో దాన్నిబట్టే ఉంటుంది. ఎత్తు రెట్టింపైతే బలమూ రెట్టింపు. నాకు లూట్ నేర్పుతున్న గురువుగారు నా వాద్యాన్ని కంటి ఎత్తుకు పట్టుకుని మెడ వెంబడి ఒక్కసారి చూసి, మెడా గుల్లా కలిసే చోట తీగల కింద స్టీలు స్కేలు పెట్టారు. ఐదు మిల్లీమీటర్లకు పైనే ఉంది. ఆమె ఏమీ అనలేదు, తన లూట్ తీసి నా ఒళ్లో పెట్టి వాయించమన్నారు. అదే పాట, అవే వేళ్లు, నొప్పి లేదు. మెడ విప్పి మళ్లీ అంటించే పనికి కొన్న ధరలో మూడో వంతు అయింది. దాన్ని బాగుచేయించి, ఉన్నదున్నట్టు చెప్పి ఒక కుర్రాడికి అమ్మేశాను.

కుడిచేతికి మాత్రం లూట్ ముసలితనంలో నిజంగా మేలు చేస్తుంది. గిటారుకు గోళ్లు కావాలి. వయసు పైబడ్డాక గోళ్లు పెళుసై పొరలుగా విరుగుతాయి. లూట్‌ని చాలామంది గోళ్లు కత్తిరించుకుని, వేలి కండతోనే మీటుతారు. పాత పటాల్లో లూట్ పట్టుకున్నవాళ్ల చిటికెనవేలు పైపలక మీద ఆని ఉండటం చూడొచ్చు. అందం కోసం పెట్టింది కాదది. చేయి గాలిలో వేలాడకుండా ఒక ఆధారం. నా కుడిచేయి పొద్దుటిపూట కాస్త వణుకుతుంది. చిటికెనవేలు చెక్కకు ఆనించిన క్షణం ఆ వణుకు తగ్గుతుంది.

చెవి సంగతి చెప్పేటప్పుడు థామస్ మేస్‌ని తలవకుండా ఉండలేను. కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీ చర్చిలో పాడే ఉద్యోగి. 1676లో లూట్ గురించి ఒక పెద్ద పుస్తకం అచ్చువేశాడు. అందులో ఉన్న తన బొమ్మ కింద వయసు 63 అని ఉంటుంది. సరిగ్గా నేను మొదలుపెట్టిన వయసు. అప్పటికే ఆయనకు చెవుడు వచ్చింది. మామూలు లూట్ వినపడక, 1672లో 50 తీగలతో జంట లూట్ ఒకటి తానే చేయించుకున్నాడు. వాద్యం అంచుకు పళ్లు ఆనించి వాయిస్తే తన సంగీతం తనకు వినబడుతోందని రాసుకున్నాడు. చెక్కలోని కంపనం పళ్ల నుంచి దవడ ఎముకకు, అక్కడి నుంచి లోపలి చెవికి నేరుగా చేరుతుంది. నేటి కొన్ని వినికిడి యంత్రాలు పనిచేసేది ఇదే దారిలో.

వయసుతో వచ్చే చెవుడు ముందు పై పౌనఃపున్యాలను మింగేస్తుంది. ఇక్కడ లూట్ వల్ల ఒక ఊరట ఉంది. ఆరు జంటల లూట్‌లో అడుగు తీగ 98 హెర్ట్జ్, పై తీగ 392. మెడ మీద పైదాకా వెళ్లినా 700 దాటడం అరుదు. ముసలి చెవి మొదట పోగొట్టుకునే పై పౌనఃపున్యాలకు ఇది చాలా దిగువ. రాగం అంతా వినబడుతుంది. పోయేది తీగను మీటిన క్షణంలో వచ్చే ఆ మెరుపు. అద్దె లూట్ మీద ఒకసారి నేనూ అంచుకు పళ్లు ఆనించి చూశాను. మందర తీగలు తల నిండా మోగాయి. లోపలి చెవిలోని సన్నటి వెంట్రుకల కణాలే అరిగిపోయాక ఎముక దారి కూడా మెరుపును తిరిగి తేలేదు. అయినా మూడున్నర శతాబ్దాల క్రితం తన ఒళ్లో తన సంగీతం వినబడక, పళ్లతో వెతుక్కున్న ఆ మనిషి ఆరోజు నాకు చాలా దగ్గరివాడనిపించాడు.

మరి ఏది కొనాలి? గిటారు వాయించినవాళ్లు ముందు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పరీక్షించుకోవచ్చు. గిటారు మూడో తీగను అరస్వరం కిందికి దించి, మూడో మెట్టు మీద కేపో బిగిస్తే లూట్ శ్రుతే వస్తుంది. పైగా మూడు మెట్లు తగ్గడంతో 65 సెంటీమీటర్ల తీగ సుమారు 55 అవుతుంది. టాబ్లేచర్ చూసి అలా మూడు నెలలు వాయించండి. ఆ తర్వాత కూడా మనసు అక్కడే ఉంటే లూట్ వైపు నడవండి.

గుండ్రటి వీపు ఒళ్లో జారుతుంది. మెత్తటి తోలు ముక్క తొడ మీద పరిచినా, పట్టీ కట్టినా భుజం మీద కొంత భారం తప్పదు. భుజం నొప్పి ఉన్నవాళ్లకు నేను విహ్వేలా చెబుతాను. శ్రుతి లూట్‌దే, ఆకారం గిటారుది, ఒళ్లో నిలకడగా కూర్చుంటుంది. లూయిస్ మిలాన్ 1536లో వలెన్సియాలో అచ్చువేసిన పుస్తకం మొదలు దానికంటూ గొప్ప సంగీతం ఉంది. 1554లో తన పుస్తకం తెచ్చిన ఫుయెన్యానా పుట్టు గుడ్డి. చూపు మందగించినవాళ్లు ఆ పేరు గుర్తుంచుకోవాలి. వేళ్లు బాగా బిగుసుకుపోయినవాళ్లకు నాలుగు జంటల చిన్న గిటారు మంచిది. దాని నాలుగు జంటల మధ్య దూరాలు ఈనాటి యుకలేలీవే, కాబట్టి చవకైన యుకలేలీ మీదే ఆ 16వ శతాబ్దపు పాటలు మొదలుపెట్టవచ్చు. పదిమందితో కలిసి పాడుకునే సరదా ఉన్నవాళ్లకు బరోక్ గిటారు. 1674లో గాస్పర్ సాన్స్ రాసిన పుస్తకం నేటికీ గిటారు విద్యార్థుల చేతుల్లో ఉంది.

పదమూడు జంటల లూట్‌ని మాత్రం నేను వద్దనే అంటాను. వైస్ సంగీతం విని దాని మీద మనసు పడని మనిషి ఉండడు. కానీ దానికి 24 తీగలు, 24 చెక్క బిరడలు. ఎనభై ఏళ్లు బతికిన లూట్ వాద్యకారుడు అందులో అరవై ఏళ్లు శ్రుతి చేయడంలోనే గడిపి ఉంటాడని మాథెసన్ అనే విమర్శకుడు 1713లోనే ఆక్షేపించాడు. అతిశయోక్తే. అయినా పట్టు తగ్గిన మణికట్టుకు 24 బిరడలు రోజూ తిప్పడం చిన్న పని కాదు. చెక్క రంధ్రంలో చెక్క బిరడ రాపిడి మీదే నిలబడాలి. జారిపోతుంటే సుద్ద రాయాలి, బిగుసుకుపోతే సబ్బు రాయాలి. మా అమ్మ వీణ బిరడలకు చేసిన వైద్యం ఇదే. లూట్ తరగతిలో నాకు ఎవరూ నేర్పనక్కర్లేకుండా వచ్చిన విద్య ఇదొక్కటే.

నేను చివరికి కొన్నది ఏడు జంటల లూట్, 13 తీగలు, 60 సెంటీమీటర్లు. డౌలండ్ రచనల్లో చాలావాటికి ఏడో జంట అవసరం పడుతుంది. ఇంకా కిందికి పోయే స్వరం ఎప్పుడో వస్తే ఒక స్థాయి పైన పలికించుకుంటాను. తీగలు పేగువి కావు, పేగు సాంద్రతకు సరితూగేలా చేసిన నైల్‌గట్. ఎందుకంటే నేను దాన్ని తీసుకురావాల్సింది విశాఖపట్నానికి.

పేగు తీగ గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, గంటకోసారి శ్రుతి తప్పుతుంది. తీగ మార్చి ఆ చిక్కు తప్పించుకున్నాను. లూట్ గుల్ల మాత్రం జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో అంటించినది. వేడికీ తడికీ అది మెత్తబడుతుంది. అవసరమైనప్పుడు విప్పి బాగుచేయడానికి వీలుగా ఆ జిగురే వాడతారు, సముద్రం పక్కన ఆ గుణమే ప్రమాదం. పగటిపూట లూట్‌ని రాత్రి పడుకున్న పక్కలో, కంబళ్ల మధ్య పెట్టమని మేస్ గట్టిగా చెప్పాడు. ఇంగ్లండ్ చలి ఇళ్లలో మనిషి వేడికి పొడిగా ఉండే చోటు పక్క ఒక్కటే. మా ఇంట్లో వర్షాకాలం లూట్ పెట్టెలో సిలికా జెల్ సంచులతో, తేమ కొలిచే చిన్న మీటరుతో ఉంటుంది. మిగతా రోజుల్లో మధ్యాహ్నం వాయించి నా మంచం మీదే పడుకోబెడతాను.

మా అక్కకు 70 ఏళ్లు. అమ్మ వీణ ఆమె దగ్గరే ఉంది, తీగలు వదులు చేసి, గుడ్డ కప్పి. నాలుగేళ్ల కిందట వేళ్ల కీళ్లు వాచి వాయించడం మానేసింది. వీణ మీద గమకం అంటే తీగను పక్కకు లాగడం. ఒక పూర్తి స్వరం పైకి తేవాలంటే బిగుతును నాలుగో వంతుకు పైగా పెంచాలి. లోహపు తీగ, వాచిన వేలు. మాకు ఇష్టమైన రాగాలన్నీ ఆ లాగుడులోనే ఉన్నాయి.

దసరాకి ఇంటికొచ్చినప్పుడు లూట్‌ని అక్క ఒళ్లో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, మెడకు చుట్టి ముడివేసిన పేగు మెట్లను తడిమి చూసింది. వీణ మీద మెట్లు మైనంలో పాతుకుని ఉంటాయి. ఇవి వేలితో తోస్తే కదులుతాయి.

"మూడో మెట్టు తప్పుగా ఉందిరా" అంది.

"18తో భాగించి కట్టాను అక్కా."

"నువ్వు భాగించావు, సరే. విను." తీగను మీటి, మెట్టును గోటితో బియ్యపు గింజంత వెనక్కి తోసి, మళ్లీ మీటింది. అడుగు జంటతో కలిపి మీటితే ఇంతకుముందు ఉన్న అదురు పోయి రెండూ ఒకటై నిలిచాయి. తర్వాత అలవాటుగా తీగను పక్కకు లాగబోయి ఆగింది.

"దీనికి లాగక్కర్లేదా?"

"అక్కర్లేదు. నొక్కితే చాలు."

నొక్కింది. ఇంకో మెట్టు నొక్కింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే లూట్ నా మంచం మీద లేదు. అక్క గది తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపలి నుంచి మాయామాళవగౌళ సరళీ వరుసలు, ఒక్కో స్వరం ఆగి ఆగి వినిపిస్తున్నాయి.